మైనర్లకి ఓటీ లేదంటే ఊరికే చేయించుకోమనా?

సంపాదకులు గారికి నమస్కారాలు. పద్దెనిమిది లోపు కుర్రాళ్ళకి ఓటీ (ఓవర్‌టైమ్, అంటే మామూలు గంటలు దాటి చేసిన పనికి ఇచ్చే కూలి) ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదని మా వైపు బట్టల కొట్లవాళ్ళు అంటుంటారు. ఆ మాట గురించే ఈ ఉత్తరం.

జూన్ 12న బాల కార్మిక వ్యతిరేక దినం అని మా ఊళ్ళో ర్యాలీ తీశారు. ముందు యూనిఫాం పిల్లలు, వెనక బ్యానరు, పక్కన మజ్జిగ ప్యాకెట్లు పంచుతూ నలుగురు వ్యాపారులు. నేను కిళ్ళీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని చూశాను. మంచి పనే, కాదనను. కాకపోతే ఆ నలుగురిలో ఇద్దరి కొట్లలో పోయిన సంక్రాంతికి రాత్రి పదిన్నర దాకా చీరలు మడతపెట్టిన పదహారేళ్ళ కుర్రాళ్ళు నాకు తెలుసు. వాళ్ళలో ఒకడు మా వీధి వాడే. ఆ ర్యాలీలో నడుస్తూ మజ్జిగ ప్యాకెట్టు వాడూ తాగాడు.

నేను బట్టల కొట్టు గుమాస్తాని. పాలకొల్లు, భీమవరం, నరసాపురం ఊళ్ళలో మూడు కొట్లలో కలిపి 31 ఏళ్ళు పద్దులు రాశాను. చిట్టా, ఆవర్జా చేత్తో రాసిన రోజుల నుంచి కంప్యూటర్ బిల్లు దాకా చూశాను. 2022లో కంటి ఆపరేషన్ అయ్యాక మానేశాను. ఏ కొట్టు పేరూ ఇక్కడ రాయను. ఒకటి రాస్తే మిగతావి మంచివనుకుంటారు. నా పేరు, చిరునామా మీకు విడిగా ఇచ్చాను, దయచేసి అచ్చు వేయకండి. ఇంకా ఆ వీధుల్లోనే తిరగాలి నేను.

మా వీధి కుర్రాడి సంగతి చెప్తాను. ఇంటర్ మొదటి సంవత్సరం. తండ్రి ఆకివీడు వైపు చేపల చెరువుకి కాపలా ఉంటాడు, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. తల్లి లేసు అల్లుతుంది. మన నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చిందని అందరం సంతోషించాం గానీ, అల్లే వాళ్ళకి కూలి ఇప్పటికీ ముక్క లెక్కనే. కుర్రాడికి ఫోను కావాలి, కాలేజీ ఫీజు కొంత బాకీ ఉంది. ధనుర్మాసం మధ్యలో ఒక బట్టల కొట్లో సీజన్ పనికి వెళ్ళాడు. భోగి ముందు రోజు దాకా సరిగ్గా 18 రోజులు. కాలేజీకి జ్వరమని చెప్పాడు.

పొద్దున పదింటికి వెళ్తే రాత్రి పదిన్నర. మధ్యాహ్నం అరగంట భోజనం. కూర్చోవడానికి లేదు, స్టూలు సేల్స్‌మెన్‌కే. బట్టల కొట్లో పని చేయని వాళ్ళకి తెలియదు గానీ, ఒక కుటుంబం వచ్చి నలభై చీరలు విప్పించి ఒకటి కొనుక్కుంటుంది. మిగతా ముప్ఫై తొమ్మిదీ మళ్ళీ అదే మడతలో, అంచు బయటికి కనపడేలా పెట్టాలి. అది కుర్రాడి పని. మధ్యలో పై అంతస్తు గోడౌన్ నుంచి బేళ్ళు దించాలి, టీలు తేవాలి, ఏడ్చే పిల్లలకి బెలూన్లు ఊది ఇవ్వాలి. నాలుగో రోజుకి పాదాలు వాచిపోయి చెప్పులు పట్టలేదని వాళ్ళమ్మ చెప్పింది.

మాట్లాడుకున్నది రోజుకి 350. లెక్క చేసేటప్పుడు 300 అయింది, 50 భోజనానికట. పద్దెనిమిది రోజులకి 5,400. అందులో కొట్టు పేరున్న టీ షర్టు కింద 250 కోత. చేతికి వచ్చింది 5,150. ఆ చీటీ నా దగ్గరే ఉంది. తల్లి వెళ్ళి, "రాత్రి పదిన్నర దాకా ఉంచుకున్నారు కదండీ, ఓటీ ఏమన్నా ఇస్తారా?" అని అడిగింది. మేనేజరు చాలా మర్యాదగా, "పద్దెనిమిది లోపు వాళ్ళకి ఓటీ ఇవ్వకూడదమ్మా, చట్టం ఒప్పుకోదు. కావాలంటే తెలిసినవాళ్ళని అడగండి" అన్నాడు. ఆవిడ చీటీ పట్టుకుని మా ఇంటికొచ్చింది. "నిజమేనా అన్నయ్యగారూ?"

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే అదే మాట 2018 దసరాకి నేనే ఒక తల్లికి చెప్పాను. లంక గ్రామం ఆవిడ. ఏటిగట్టు అవతల అరటి తోట వరదకి పోతే పదిహేనేళ్ళ కొడుకుని మా కొట్లో పెట్టింది. "మైనరుకి ఓటీ ఉండదమ్మా, రూలు" అన్నాను. ఆవిడ నాకు నమస్కారం పెట్టి మరీ వెళ్ళింది.

అసలు రూలేమిటో రాస్తాను. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. అంతకు ముందు, ప్రమాదకరం కాని పనుల్లో పద్నాలుగు లోపు పిల్లల్ని పెట్టుకుంటే ఇన్ని గంటలే అని అందులో ఉండేది. సవరణలో ఆ చిన్నపిల్లలకి పనే నిషేధించి, ఇంట్లో వాళ్ళ సొంత పనికి బడి అయ్యాక సాయం చేయడం లాంటివి మాత్రం మినహాయించారు. గంటల లెక్కని 14 నిండి 18 నిండని వాళ్ళకి మార్చారు. గనులు, పేలుడు పదార్థాల లాంటి ప్రమాదకరమైన పనులు వీళ్ళకీ కుదరవు. కొట్టు, హోటలు, వర్క్‌షాపు లాంటి చోట్ల పెట్టుకోవచ్చు గానీ 7వ సెక్షన్ ప్రకారమే. వరసగా మూడు గంటలు దాటి పని చేయించకూడదు, ఆ తర్వాత కనీసం గంట విశ్రాంతి. విశ్రాంతి, పని కోసం ఎదురు చూసిన టైము, అన్నీ కలిపి రోజుకి ఆరు గంటలు మించకూడదు. రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా అసలు పని వద్దు. ఓటీ చేయమని అడగకూడదు, వాడే చేస్తానన్నా చేయనివ్వకూడదు. ఒకచోట చేసినవాణ్ణి అదే రోజు ఇంకోచోట పెట్టుకోకూడదు. ఆ తర్వాతి సెక్షన్‌లో వారానికి ఒక రోజు పూర్తి సెలవు. ఆ సెలవు ఏ రోజో అందరికీ కనపడేలా బోర్డు రాసి పెట్టాలి. అలాంటి బోర్డు ఇంతవరకు ఏ కొట్లోనూ నాకు కనపడలేదు. 'ఒకే ధర, బేరం లేదు' అన్న బోర్డు మాత్రం మూడు కొట్లలోనూ ఉండేది.

ఓటీ వద్దు అని చట్టం చెప్పింది యజమానికి. చేయించవద్దు అని. చేయించుకుని డబ్బు ఎగ్గొట్టమని కాదు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో ఒక బోటు ఓనరు దొంగతనంగా సముద్రంలోకి పంపి, తిరిగొచ్చాక "ఇప్పుడు వేట చట్టవిరుద్ధం కాబట్టి కళాసీలకి వాటా లేదు" అంటే అంతర్వేదిలో గానీ బియ్యపుతిప్పలో గానీ ఎవరన్నా ఊరుకుంటారా? చేపలు అమ్ముకున్నాడుగా. బట్టల కొట్టువాడూ ఏడు దాటాక అమ్మిన చీరల డబ్బు గల్లాపెట్టెలో వేసుకున్నాడుగా.

ఇక కూలి రేటు. ఇక్కడ ఒక పెద్ద సందు ఉంది. బాల కార్మిక చట్టం మొత్తం వెతికినా ఈ కుర్రాళ్ళకి ఎంత ఇవ్వాలో ఒక్క ముక్క లేదు. 11వ సెక్షన్ ప్రకారం యజమాని ఒక రిజిస్టరు పెట్టాలి. అందులో పేరు, పుట్టిన తేదీ, పని గంటలు, విశ్రాంతి, ఏ పని అన్నది ఉండాలి అని చట్టంలోనే రాశారు. కూలి గడి ఆ వరసలో లేదు. పద్దులు రాసేవాడికి ముందు కనపడేది అదే. గడి లేని చోట అంకె పుట్టదు.

కూలి సంగతి వేరే చట్టంలో ఉంది. 1948 నాటి కనీస వేతనాల చట్టం పెద్దవాళ్ళకి ఒక రేటు, 14-18 వాళ్ళకి ఒక రేటు వేరువేరుగా పెట్టుకోనిచ్చింది. పార్లమెంటు 2019లో చేసిన వేతనాల కోడ్ ఆ పాత చట్టాన్ని, మరో మూడింటిని తనలో కలుపుకుంది. అందులో రేటు కట్టడానికి చూడమన్నది పని నైపుణ్యం, ప్రాంతం, పని కష్టం. మామూలు గంటలు దాటితే రెట్టింపు ఇవ్వాలి. తక్కువ ఇస్తే ఫిర్యాదు చేయడానికి పాత చట్టంలో గడువు ఆరు నెలలు, కోడ్‌లో మూడేళ్ళు. పనివాడే వెళ్ళనక్కర్లేదు, యూనియన్ కూడా వేయొచ్చు. కనీస వేతనం కంటే తక్కువకి పని చేయించుకోవడం వెట్టిచాకిరీ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1982లోనే, ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడల) కట్టడాల కూలీల కేసులో, రాజ్యాంగం 23వ అధికరణం కింద తీర్పు చెప్పింది. భోజనం పెట్టాం కదా, టీ షర్టు ఇచ్చాం కదా అని యజమాని తన ఇష్టానికి కోసుకోవడం సరి కాదంటాను నేను.

అలవాటు కొద్దీ ఆ కుర్రాడి పద్దు నేను మళ్ళీ రాశాను. అదే కౌంటర్లో కొత్తగా చేరిన పెద్దవాడికి నెలకి 12,480. అది గొప్ప జీతమేం కాదు. 26 రోజులకి పంచితే రోజుకి 480, ఎనిమిది గంటలకి పంచితే గంటకి 60. కుర్రాడు భోజనం పోను 12 గంటలు నిలబడ్డాడు. ఓటీ మాట పక్కనపెట్టి ఉత్త గంటలు కట్టినా రోజుకి 720, పద్దెనిమిది రోజులకి 12,960. పెద్దవాడి లెక్కన ఎనిమిది గంటలు మామూలు, నాలుగు గంటలు రెట్టింపు అంటే రోజుకి 960, మొత్తం 17,280. నా వాదన ఇంకో మెట్టు పైన ఉంది. వాడి మామూలు రోజు ఎనిమిది గంటలు కానే కాదు. ఆరులో ఒక గంట విశ్రాంతి పోతే అయిదు. మిగతా ఏడు గంటలూ రెట్టింపు కట్టాలి. అలా కడితే రోజుకి 1,140, మొత్తం 20,520. ఈ ఆఖరి లెక్క ఏ అధికారీ ఇంతవరకు కట్టినట్టు నేను వినలేదు, కట్టాలని అడుగుతున్నాను. కట్టకపోయినా మొదటి లెక్క ఎక్కడికీ పోదు. 12,960 ఎక్కడ, 5,150 ఎక్కడ?

మరి కొట్లలో ఇది ఎలా దాగుతుందంటారా? దాచింది నేనే కాబట్టి చెప్తాను. మస్టర్‌లో (హాజరు పుస్తకంలో) పద్దెనిమిది దాటిన వాళ్ళ పేర్లే ఉంటాయి. సీజన్ కుర్రాళ్ళకి ఒక చిత్తు పుస్తకం. పేరు, ఎదురుగా రోజుకో టిక్కు, అంతే. వచ్చిన టైము, వెళ్ళిన టైము రాయవద్దని మొదటి రోజే చెప్పేవారు. గంటలు రాయకపోతే ఓటీ అన్న మాటే రాదు. పండగ వెళ్ళాక ఆ పుస్తకం చింపేయాలి. ఒకళ్ళిద్దర్ని మస్టర్‌లో ఎక్కించాల్సి వస్తే, "వయసు 18 అని వేసెయ్, ఆధార్ తర్వాత తెస్తాడు" అనేవారు. వేసేసేవాణ్ణి. ఒకడికి ఒక్క కలం పోటుతో మూడేళ్ళు పెంచాను. తనిఖీకి వస్తే పగలు పదకొండింటికి వచ్చేవారు, వస్తున్నట్టు ముందే తెలిసిపోయేది. కుర్రాళ్ళని ఓ గంట గోదారి గట్టు మీద తిరిగి రమ్మనేవాళ్ళం. ఎవరైనా మిగిలిపోతే "మా మేనల్లుడండీ, సరదాకి వచ్చాడు" అనేవారు ఓనరు. మన జిల్లాలో వరసలు కలపడం ఎంతసేపు! గల్లా దగ్గర మాత్రం ఆ మేనల్లుడి వరస ఎవరికీ గుర్తుండేది కాదు.

గోదావరి జిల్లాల మర్యాద గురించి కూడా ఒక మాట అనాలి. మా వీధి కుర్రాడి తల్లి రెండోసారి వెళ్తే ఓనరు గారే కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారట. "ఆయ్, మా ఇంట్లో పిల్లాడిలా చూసుకున్నామండి. రోజూ పెరుగన్నంలో ఆవకాయ కూడా వేయించాం" అన్నారట. నిజమే, వేయించే ఉంటారు. మన వైపు అన్నం పెట్టే చెయ్యి కాదనదు. కూలి అడిగితే మాత్రం అన్నం గుర్తు చేస్తుంది. నేను కూడా ఆ పెరుగన్నం తినే 31 ఏళ్ళు నోరు మూసుకున్నాను.

బట్టల కొట్లనే అంటున్నానని వాటి వాళ్ళు బాధపడక్కర్లేదు. మాఘమాసం ముహూర్తాలొస్తే ఇవే పిల్లలు క్యాటరింగ్‌కి వెళ్తారు. సాయంత్రం నాలుగింటికి వ్యాను ఎక్కితే వడ్డన, ఎంగిలాకులు, గిన్నెలు అయ్యేసరికి రాత్రి ఒంటిగంట. మా కుర్రాడికి ఒక పెళ్ళికి 400 ఇచ్చారు. వాడికి నల్ల ప్యాంటు తెచ్చుకోమన్నారు, అది కొనడానికి 450 అయింది. కడియం వైపు నర్సరీల్లో మట్టి సంచులు నింపితే సంచికి ఇంత అంటారు. సంచి లెక్క, ముక్క లెక్క అయినంత మాత్రాన కనీస వేతనం పక్కకి పోదు. రోజంతా చేసిన పనికి కనీస రేటు తగ్గకూడదన్నదే చట్టం.

పదహారేళ్ళ వాడు సెలవుల్లో నాలుగు డబ్బులు సంపాదించుకుంటే తప్పని నేను అనను. నేను పదిహేనో ఏట కొబ్బరి రాశి దగ్గర కాయలు లెక్కపెట్టి పరీక్ష ఫీజు కట్టుకున్నాను. చట్టం ప్రకారం సీజన్ నడపడం అసాధ్యమేమీ కాదు. ఒకణ్ణి పది నుంచి నాలుగు దాకా, ఇంకొకణ్ణి ఒంటిగంట నుంచి ఏడు దాకా పెట్టుకోవచ్చు, ఇద్దరికీ మధ్యలో గంట విశ్రాంతి. ఏడు తర్వాత పెద్దవాళ్ళు, వాళ్ళకి రెట్టింపు ఓటీ. ఖర్చవుతుంది. నేను ఆ కొట్ల పద్దులు రాసినవాణ్ణి. సంక్రాంతి మూడు వారాల్లో గల్లా ఎంత నిండుతుందో నాకు తెలుసు, ఆ ఖర్చు వాళ్ళకి లెక్కలోది కాదు.

ఇప్పుడున్న జరిమానా చూడండి. పద్నాలుగు లోపు పిల్లవాణ్ణి పెట్టుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ. పద్నాలుగు దాటినవాడి గంటల రూలు తప్పితే నెల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. పదివేలంటే ఆ సీజన్‌లో ఒక పట్టుచీర. కట్టిన జరిమానా పిల్లల పునరావాస నిధికి వెళ్ళాలని, ఒక్కొక్కరికి ప్రభుత్వం 15,000 కలపాలని చట్టంలో ఉంది. బాగానే ఉంది. కానీ అది పునరావాసం, వాడు నిలబడ్డ గంటల కూలి కాదు. పట్టుకున్న రోజునే ఆ గంటల డబ్బు లెక్క కట్టి వాడి బ్యాంకు ఖాతాలో వేయించమంటున్నాను. రిజిస్టరు గురించి చెప్పే ఆ 11వ సెక్షన్ వరసలోనే కూలి గడి కూడా చేర్చండి. తనిఖీకి ధనుర్మాసంలో రాత్రి ఎనిమిదింటికి రండి, పగలు పదకొండింటికి కాదు. పిల్లల గురించి ఫోను చేయడానికి 1098 ఉంది, ఆ నంబరు బిల్లింగ్ కౌంటరు దగ్గర రాసి ఉంచేలా చూడండి.

మా వీధి కుర్రాడి తరఫున ఫిర్యాదు రాసిపెడతానన్నాను. తండ్రి చెరువు గట్టు మీద నుంచి ఫోను చేశాడు. "ఊరుకోండి అన్నయ్యగారూ, వచ్చే సీజన్‌కి పిలవరు. అయినా కాలేజీ వాళ్ళకి తెలిస్తే అదో టెన్షన్" అన్నాడు. నేను వాణ్ణి తప్పు పట్టలేను. నా జీతం పోతుందని 31 ఏళ్ళు నేను చేసింది అదే కదా. ఫిర్యాదు రాసి ఉంచాను, సంతకం గడి ఖాళీగా ఉంది. నా చిత్తు పుస్తకాలన్నీ చింపేశాను గానీ 2018 దసరా పుస్తకం ఎందుకో చింపలేదు. ఏ కార్మిక శాఖ అధికారి అడిగినా పట్టుకొస్తాను, అందులో నా చేతి రాత నేను కాదనను.

నిన్న సాయంత్రం కుర్రాడు మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. దసరాకి రమ్మని కొట్టువాళ్ళు అప్పుడే ఫోను చేశారట. ఈసారి 350 ఖాయం, భోజనం కోత లేదన్నారట. "వెళ్ళమంటారా తాతగారూ?" అని అడిగాడు. గంటలు నువ్వే రాసుకో అని ఒక చిన్న నోటుబుక్కు ఇచ్చి పంపించాను.

ఇట్లు
ఒక పాత బట్టల కొట్టు గుమాస్తా
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా